పెద్ద సంఖ్యలతో కుస్తీ – 5వ భాగం: సంఖ్యను రాయకుండానే భాగించడం

పోయిన భాగంలో శేషాలను కూడటం, గుణించటం చూశాం కదా (సంఖ్యల బదులు వాటి శేషాలనే కూడినా, గుణించినా చివరి శేషం మారదు), ఈసారి వాటితో నిజంగా పెద్ద సంఖ్య మీద పడదాం. 2⁴⁰⁹⁶ + 1. పూర్తిగా రాస్తే 1234 అంకెలు. దీన్ని 114689 నిశ్శేషంగా భాగిస్తుందని మీరే తేల్చాలి. కాగితం, పెన్ను, ఫోన్‌లో ఉండే కాలిక్యులేటర్ చాలు, ప్రోగ్రామింగ్ ఏమీ అక్కర్లేదు.

ముందు చిన్నదాని మీద చేయి తిరగనిద్దాం. 2³² + 1, అంటే 4294967297. ఘాతం 1, 2, 4, 8, 16 అయినప్పుడు వచ్చే 3, 5, 17, 257, 65537 అన్నీ ప్రధాన సంఖ్యలే. ఈ వరస చూసి 1640 ప్రాంతంలో ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా, ఇక ముందు వచ్చేవి కూడా ప్రధానాలే అని నమ్మాడు. 1732లో స్విస్ గణితవేత్త ఆయిలర్ వచ్చి 641 దీన్ని భాగిస్తుందని చూపించేశాడు.

మనమూ 641తోనే భాగిద్దాం, కానీ ఆ పది అంకెల జోలికి పోవద్దు. 2⁸ = 256, ఇది 641 కంటే చిన్నదే కాబట్టి అలాగే ఉంచండి. వర్గం చేస్తే 2¹⁶ = 65536. అందులోంచి 641 × 102 = 65382 తీసేస్తే 154 మిగులుతుంది. ఇక 65536ని మర్చిపోవచ్చు, దాని పనంతా 154 చేసిపెడుతుంది. 154 వర్గం 23716, అదే 641 × 37 అయితే 23717. ఒక్కటి తక్కువ! అంటే 2³² శేషం −1, దానికి 1 కలిపితే సున్నా. అయిపోయింది, రెండే రెండు వర్గాలు. (శేషం 640 అని రాసినా తప్పు కాదు గానీ, దాన్ని మళ్లీ వర్గం చేయాల్సి వస్తే మీకే విసుగు. రుణ శేషం చిన్నదైతే మొహమాటపడకుండా అదే రాయండి.)

సరే, అసలు 641 ఎక్కడ దొరికింది? గుడ్డిగా వెతకలేదు. 2³² + 1కు ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే అది 64 గుణిజానికి 1 కలిపినట్టే ఉండాలని ఆయిలర్ నిరూపించాడు, 1878లో ఫ్రెంచ్ గణితవేత్త లూకా ఆ 64ని 128 చేశాడు. ఇప్పుడు వరసగా రాయండి: 129, 257, 385, 513, 641. వీటిలో 129, 513 మూడుతో పోతాయి, 385 అయిదుతో పోతుంది. 257 సంగతి కాస్త తమాషాగా ఉంటుంది. 3 × 5 × 17 × 257 × 65537 గుణించి చూడండి, 4294967295 వస్తుంది, మన సంఖ్యకు సరిగ్గా 2 తక్కువ. 257 రెండింటినీ భాగిస్తే వాటి తేడా 2ని కూడా భాగించాలి, అది జరిగే పని కాదు. కాబట్టి భాగించి చూడాల్సిన మొట్టమొదటి సంఖ్యే 641.

ఇక పెద్దదాని దగ్గరికి వద్దాం. 114689 = 16384 × 7 + 1, ఇదీ అదే నియమం ప్రకారం వచ్చిందే (అక్కడ 128 అంటే 32 × 4, ఇక్కడ 16384 అంటే 4096 × 4). 1877లో ఇవాన్ పెర్వూషిన్ అనే రష్యన్ మతగురువు దీన్ని పట్టుకున్నాడు, అదీ ఏ కాలిక్యులేటరూ లేకుండా. ఇప్పటిదాకా 2⁴⁰⁹⁶ + 1కు ఆరు ప్రధాన కారణాంకాలు దొరికాయి, మిగిలిన ముక్క కూడా సంయుక్తమేనని తెలుసు గానీ అది ఇంకా విడిపోలేదు.

మొదలుపెట్టేది 2¹⁶ = 65536 దగ్గర. వర్గం చేసి 114689తో భాగిస్తే 2³² శేషం 93624, అంటే −21065. మళ్లీ వర్గం చేస్తే 2⁶⁴ శేషం 2484. ఇంకా ఆరు వర్గాలు మీవే. మధ్యలో ఎక్కడ దారి తప్పారో తెలియడానికి రెండు గుర్తులు ఇస్తున్నా: 2¹⁰²⁴ దగ్గర 5890 రావాలి, 2²⁰⁴⁸ దగ్గర 56022. చివరి వర్గం మాత్రం నేను చెప్పను.

ఇదంతా మరీ టెన్షన్ అనిపిస్తే ముందు 2³² + 1ని 769తో భాగించండి. శేషం 20 రావాలి. రాకపోతే 2¹⁶ దగ్గర 171 వచ్చిందో లేదో చూసుకోండి, ఎక్కువమంది అక్కడే జారతారు. 641తో భాగించాక మిగిలే 6700417 ప్రధానమా కాదా తేల్చడానికి ఈ 769 లెక్క వచ్చే భాగంలో కావాలి, కాగితం పారేయకండి.