పికప్‌కి వీల్ స్పేసర్లు వేయించే ముందు

స్పేసర్ అంటే హబ్‌కీ (ఇరుసు చివర చక్రాన్ని బిగించే భాగం) చక్రానికీ మధ్య పెట్టే లోహపు బిళ్ల. అది వేస్తే టైరు బయటికి జరుగుతుంది. బండి వెడల్పుగా నిలబడుతుంది, పెద్ద టైర్లు లోపల చాసిస్‌కి రాసుకోవు. లాభం అంతవరకే. భారం మాత్రం వీల్ బేరింగ్ మీద పడుతుంది, స్టీరింగ్ కూడా కాస్త బరువెక్కుతుంది. రోజూ లోడు తోలే బండికైతే వద్దనే నా మాట.

వేయించాలనే ఉంటే:

☐ హబ్ సైజు కొలిపించండి. స్పేసర్ మధ్య రంధ్రం హబ్ మీద బిగువుగా కూర్చోవాలి. వదులైతే 80 స్పీడు దాటగానే స్టీరింగ్ వణుకుతుంది.

☐ పాత స్టడ్ల (చక్రం నట్లు ఎక్కే బోల్టుల) మీదే తొడిగే పల్చటి రకమైతే నట్టుకి దక్కే మర తగ్గిపోతుంది. స్టడ్ లావెంతో కనీసం అంత మర పట్టాలి: 1.5 ఎంఎం పిచ్ (ఒక్కో చుట్టుకి నట్టు జరిగే దూరం) ఉన్న 12 ఎంఎం స్టడ్‌కి 8 చుట్లు. చేత్తో తిప్పుతూ లెక్కపెట్టండి. 5 చుట్లకే ఆగిపోతే ఆ స్పేసర్ తీసి పక్కన పడేయండి.

☐ హబ్ మీద తుప్పును వైర్ బ్రష్‌తో గీకించండి. చిన్న పెచ్చు మిగిలినా స్పేసర్ సమంగా కూర్చోదు.

☐ బిగింపు టార్క్ రెంచ్‌తోనే (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా), ఎదురెదురు నట్లు వరసగా. నట్లు బిగించే గన్‌తో ‘టర్ర్’మనిపించి అయిపోయిందంటే ఒప్పుకోకండి.

☐ స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, మడ్‌గార్డ్‌కి తగులుతోందేమో చూడండి.

☐ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నమైన మార్పుల్ని ఒప్పుకోదు. ఇన్సూరెన్స్ వాళ్లనీ ముందే అడగండి.

☐ 80–100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ బిగించాలి. స్పేసర్‌కి సొంత స్టడ్లుంటే చక్రం విప్పి లోపలి నట్లూ చూడాలి.