స్టాండింగ్ డెస్క్ కొనకుండానే

ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పనిచేస్తుంటే మధ్యాహ్నం మూడయ్యేసరికి మెడ పట్టేసి, లేచేటప్పుడు నడుం మీద చెయ్యేసుకుని లేవాల్సి వస్తోంది. నిలబడి పనిచేసుకునేలా ఎత్తు మార్చుకునే బల్లలు (స్టాండింగ్ డెస్కులు) చూస్తే వేలల్లో ఉన్నాయి, సరే ముందు ఇంట్లో ఉన్నవాటితో చూద్దాం అనుకున్నా.

చెప్పుల్లేకుండా నిలబడి, మోచేతులు ఎల్ ఆకారంలో మడిచి నేల నుంచి మోచేతి దాకా టేపుతో కొలవండి. నాకు 41 అంగుళాలు వచ్చింది. మా డైనింగ్ టేబుల్ 30, దాని మీద పక్కపక్కనే 10 అంగుళాల బాత్రూమ్ స్టూళ్లు రెండు (కడిగినవే లెండి), వాటిపై అంగుళం మందం పాత చెక్క పలక, లెక్క సరిపోయింది. కీబోర్డూ మౌసూ పలక మీద. ల్యాప్‌టాప్ మాత్రం దాని వెనకాల ఇంకో గట్టి అట్టపెట్టె మీద, స్క్రీన్ పై అంచు కళ్ల ఎత్తుకి వచ్చేలా పెట్టాలి. విడి కీబోర్డు లేకపోతే ఇది దండగ, తల వంచక తప్పదు కాబట్టి మెడనొప్పి అలాగే ఉంటుంది.

మొదటి వారం గంటకి 15 నిమిషాలే నిలబడ్డా, ఇప్పుడు అరగంట. కింద చిన్న పీట వేసుకుని కాళ్లు మార్చి మార్చి ఒక పాదం దాని మీద పెడితే నడుముకి హాయి.

రోజంతా నిలబడితే మాత్రం పిక్కలూ మడమలూ లాగేస్తాయి, కాళ్లలో నరాలు ఉబ్బేవాళ్లయితే ఇంకా ఇబ్బంది. నొప్పి చేతిలోకో కాలిలోకో పాకినా, తిమ్మిరెక్కినా ఈ స్టూళ్లతో కుస్తీ పట్టకుండా డాక్టర్‌కి చూపించుకోండి.