సింత్రా కోటలు ఎలా చూడాలి? పైనుంచి కిందికి దిగండి

పోర్చుగల్‌లో లిస్బన్ దగ్గరున్న కొండ ఊరు సింత్రా. అక్కడికి వెళ్లొచ్చిన మనవాళ్లు చాలామంది చెప్పే మాట ఒకటే: "క్యూల్లోనే రోజంతా పోయిందండీ." ఆ మాట విన్నప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. లిస్బన్‌లో ఉంటున్నాను కాబట్టి సెలవులకు వచ్చే చుట్టాలను ఏటా ఆ కొండకు తీసుకెళ్లే పని నాదే. హాయిగా చూసి సాయంత్రానికి తిరిగి రావచ్చు. వరుస మాత్రం తప్పకూడదు.

ముందుగా సామాను. పట్టు ఉన్న బూట్లు, పల్చటి జాకెట్, నీళ్లు, పులిహోర డబ్బా. లిస్బన్‌లో చెమటలు కారుతున్న రోజున కూడా సింత్రా కొండ మీద పొగమంచు కమ్ముతుంది. అట్లాంటిక్ మీదుగా వచ్చే తేమ గాలి ఆ కొండకే తగులుతుంది మరి. జాకెట్ బరువని హోటల్లో వదిలేయకండి.

తర్వాత రైలు. లిస్బన్ రోసియో స్టేషన్‌లో ఎక్కితే 40 నిమిషాలు. చివరి స్టేషనే సింత్రా. అద్దె కారు వద్దు. కొండ పైన ఉన్న పెనా ప్యాలెస్‌కు ఎక్కే రోడ్డు మీదికి ప్రైవేటు కార్లను పోనివ్వరు. స్టేషన్ బయట 434 నంబరు బస్సు ఉంటుంది, అదే పైకి తీసుకెళ్తుంది.

ఇక అందరూ బోల్తా పడేది పెనా టికెట్ దగ్గర. ఇది నిదానంగా చదవండి.

పెనాకు రెండు రకాల టికెట్లుంటాయి. ఒకటి పార్కుకు మాత్రమే, రెండోది పార్కుతో పాటు ప్యాలెస్ లోపలికి కూడా. గదులు చూడాలంటే రెండోదే కొనాలి, ముందే ఆన్‌లైన్‌లో కొనాలి. దాని మీద ఒక టైము ఉంటుంది. ఆ టైము పార్కు గేటుకు కాదు, ప్యాలెస్ తలుపుకు! గేటు నుంచి తలుపు దాకా ఎక్కుడు దారి, మామూలు నడకకు అరగంట. ఆలస్యానికి వెసులుబాటు లేదు. గేటు దగ్గర చిన్న బస్సు ఉంటుంది, దానికి డబ్బులు వేరే, క్యూ కూడా వేరే. "బస్సుంది కదా" అనుకుని నెమ్మదిగా వెళ్లకండి.

ఒకసారి మా పిన్నీ బాబాయీ నేను లేకుండా వెళ్లారు. టికెట్ మీద 11 గంటలుంటే సరిగ్గా 11కి గేటు దగ్గర బస్సు దిగారు. పిన్నికి మోకాళ్ల నొప్పులు. పైకి చేరేసరికి వాళ్ల టైము దాటిపోయింది. ఎరుపు, పసుపు గోడలను బయటి నుంచి చూసి వెనక్కి వచ్చారు. అంత దూరం నుంచి వచ్చినవాళ్లు! అప్పటి నుంచి ఎవరు వెళ్తున్నా లెక్క నేనే వేసిస్తున్నాను.

ఆ లెక్క వెనక నుంచి వేయాలి. పదిన్నర టికెట్ అనుకోండి. పది గంటలకు పది నిమిషాల ముందే గేటు దగ్గరుండాలి. 434 ఎక్కడానికి క్యూ, పైకి ప్రయాణం కలిపి యాభై నిమిషాలు పక్కన పెట్టండి. అంటే తొమ్మిదికల్లా సింత్రా స్టేషన్‌లో దిగాలి. రోసియోలో ఎనిమిదింపావుకు రైల్లో కూర్చోవాలి. పెద్దవాళ్లుంటే ఇంకో అరగంట ముందు. మధ్యాహ్నం స్లాటు కొనొద్దు, ఆ వేళకు గదుల్లో నిలబడే చోటు కూడా దొరకదు.

లోపలికి వెళ్లాక తొందరేమీ లేదు. రాణి రెండో మరియా భర్త ఫెర్నాండో 1838లో ఇక్కడి పాడుబడ్డ మఠాన్ని కొని, దాని చుట్టూ ఈ ప్యాలెస్ కట్టించాడు. పాత మఠం వరండా, చర్చి ఇప్పటికీ లోపలే ఉన్నాయి. రంగులు ఫోటో తీసుకుని పరిగెత్తేవాళ్లు వాటిని చూడనే చూడరు. పులిహోర పార్కులో చెట్ల కింద తినండి.

పెనా తర్వాత మూర్ల కోట (మూర్లంటే ఒకప్పుడు ఇక్కడ పాలించిన ముస్లింలు), కాస్త కిందికి నడిస్తే చాలు. ఇక్కడ గదులుండవు, కొండ శిఖరం వెంట గోడలు, బురుజులు. 1147లో లిస్బన్ పోర్చుగల్ మొదటి రాజు అఫోన్సో హెన్రిక్స్ చేతికి చిక్కాక ఈ కోట కూడా లొంగిపోయింది. గాలి విపరీతం, పిల్లల చెయ్యి వదలకండి.

అక్కడి నుంచి అడవి బాటలో నడిచి ఊళ్లోకి దిగండి. కొందరు ఊళ్లో ఉన్న కింది ప్యాలెస్ ముందు చూసి, మధ్యాహ్నం ఎండలో పెనాకు ఎక్కుతారు. కాళ్లూ పోతాయి, స్లాటూ పోతుంది. మూడు కోటలు, ఒక సముద్ర తీరం ఒకే రోజులో చూపిస్తామనే టూర్ బస్సులూ అంతే. పెనా దగ్గర గంట ఇస్తే ఏం చూస్తారు?

ఊరి మధ్య ఉన్న ఆ కింది ప్యాలెస్‌ను (సింత్రా నేషనల్ ప్యాలెస్) దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. 33 మీటర్ల ఎత్తున రెండు తెల్లటి గొట్టాలు కనిపిస్తాయి. అవి వంటింటి పొగగొట్టాలు. పెళ్లిళ్ల గాడిపొయ్యి దగ్గర నిలబడ్డవాళ్లెవరైనా ఆ వంటింట్లోకి వెళ్లి తల పైకెత్తితే, రాజుగారి విందు ఎంతమందికో ఊహించుకోగలరు. పై అంతస్తులో ఆరో అఫోన్సో రాజును బంధించిన గది ఉంది. 1683లో ఆయన అక్కడే చనిపోయాడు. ఆ గది చూడకుండా రావద్దు.

బయటికొచ్చాక ట్రవెస్సెయిరో తినాలి. పేరుకు దిండు అని అర్థం. పొరల రొట్టె లోపల బాదం, గుడ్డు సొన కలిపిన ముద్ద ఉంటుంది. గుడ్డు తినని వాళ్లకు ముందే చెప్పండి. వేడిగా ఉన్నదే తీసుకోండి.

ఓపిక మిగిలితే పది పదిహేను నిమిషాల నడకలో కింటా ద రెగలైరా అనే తోట బంగళా ఉంది. 27 మీటర్ల లోతున మెలికలు తిరిగే మెట్ల బావి ఉంది. మన దిగుడుబావిలా నీళ్ల కోసం తవ్వింది కాదు, అడుగున సొరంగాలుంటాయి. రాళ్లు తడిగా జారుతుంటాయి, బూట్లు అందుకే.

మోన్సెర్రాట్ అనే తోట, ప్యాలెస్‌ను మాత్రం అదే రోజు ఇరికించకండి. ఒకప్పుడు గోవా వైస్రాయ్‌గా చేసిన ఆయన ఆ తోటను కొన్నాడు. తర్వాత ఫ్రాన్సిస్ కుక్ అనే ఇంగ్లీషు వ్యాపారి కట్టించిన ప్యాలెస్‌లో గోడల జాలీ పని చూస్తే మన దేశమే గుర్తొస్తుంది. దానికి ఇంకో ఉదయం పెట్టుకోండి, స్టేషన్ నుంచి 435 బస్సు వెళ్తుంది.