అమ్మానాన్న వస్తున్నారని ఫ్యూటాన్ కొంటున్నారా?

అమ్మానాన్న ఆరు నెలలుండడానికి వస్తున్నారనగానే, అమెరికాలో ఇర్వింగ్‌లోని మా సింగిల్ బెడ్రూమ్ అపార్ట్‌మెంట్లో పడకల సమస్య వచ్చిపడింది. ఉన్న ఒక్క గదీ వాళ్ళకిచ్చేసి, హాల్లో మేమిద్దరం పడుకోడానికి ఆన్‌లైన్లో చవగ్గా ఓ ఫ్యూటాన్ (పగలు సోఫా, రాత్రి వాల్చితే మంచం) తెప్పించాను. ఇనప ఫ్రేము, నాలుగంగుళాల పరుపు. మూడో రాత్రికల్లా నడుం కింద అడ్డకమ్మీ ఎక్కడుందో చీకట్లో కూడా చెప్పగలిగేవాణ్ణి. రెండోదానికి అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని షాపుకెళ్ళాను.

వెళ్ళేముందు టేపుతో కొలుచుకోండి. ఫుల్ సైజు పరుపు 54 x 75 అంగుళాలు, క్వీన్ 60 x 80. ఇద్దరు పడుకోవాలంటే క్వీనే నయం. సోఫాగా ఉన్నప్పుడు పట్టే చోటు చూసి మోసపోవద్దు. పైగా చాలా ఫ్రేముల్ని వాల్చాలంటే గోడ నుంచి కాస్త ముందుకి లాగాలి. మేం కార్పెట్ మీద టేపంటించి చూస్తే, రాత్రి మంచినీళ్ళకి కిచెన్లోకెళ్ళే దారి మూసుకుపోయింది. కాఫీ టేబుల్ ఫ్రెండుకిచ్చేశాం.

ఫ్రేము చెక్కదైతే పట్టీల మధ్య సందు చూడండి. ఎడం ఎక్కువైతే పరుపు అందులోకి దిగిపోతుంది. సేల్స్‌మన్ తెరిచి చూపించింది చాలదు, మీరే రెండుమూడుసార్లు వాల్చి, మళ్ళీ ఎత్తండి. రోజూ ఆ పని చేసేది మీరే కదా! మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళుంటే వాళ్ళని కూర్చోబెట్టి, చెయ్యి ఆనించకుండా లేవమనండి. అమ్మ లేవలేకపోయిన రెండు ఫ్రేములు అక్కడే వదిలేశాం.

అసలు సంగతి పరుపు. నాన్న పిడికిలితో నొక్కి, "లోపలేముందిరా?" అన్నాడు. షాపులో అబ్బాయి "ప్రీమియం" అన్నాడు. ఊళ్ళో బూరుగు దూది పరుపు కుట్టించేటప్పుడు దూది కళ్ళారా చూసి తూకం వేయించిన మనిషికి ఆ జవాబు సరిపోతుందా? పరుపు అంచున తెల్లటి లేబుల్ ఒకటి కుట్టి ఉంటుంది. పాలియెస్టర్ ఎంత శాతం, కాటన్ ఎంత, ఫోమ్ ఎంత, అంతా దాని మీదే ఉంటుంది. కొనేముందు అది చదవండి.

అచ్చంగా దూదిదైతే గట్టిగా ఉంటుంది, బరువు. ఒక్కరే తిప్పలేరు, మడత దగ్గర ఉండలు కట్టి అణిగిపోతుంది. ఉత్త పాలియెస్టర్ తేలిక, త్వరగా చదునైపోతుంది. మధ్యలో ఫోమ్, చుట్టూ దూది ఉన్న ఎనిమిదంగుళాలది తీసుకున్నాం. వారానికోసారి వచ్చే చుట్టాలకైతే ఆరంగుళాలు చాలు. కొనేముందు చెప్పులిప్పి, పదినిమిషాలు పక్కకి తిరిగి పడుకోండి. సిగ్గుపడితే తర్వాత నడుం చెబుతుంది.

కవరు మూడు వైపులా జిప్పున్నదే కొనండి. ఒకవైపే ఉంటే ఎనిమిదంగుళాల పరుపుకి తొడగడం కుస్తీ పట్టినట్టే. ముదురు రంగు తీసుకోండి, పప్పుచారు మరక నాకు తెలుసు.

జపాన్లో ఫ్యూటాన్‌కి ఈ ఫ్రేమే ఉండదు. రాత్రి నేల మీద పరిచి, పొద్దున్నే మడిచి అలమరలో పెట్టేస్తారు. అది చెబితే నాన్న, "మన పరుపుచుట్టే గదరా, దీనికింత డబ్బా?" అన్నాడు.

మొదటి నెలల్లో పరుపుని రెండు వారాలకోసారి తిరగేస్తే ఒకేచోట గుంట పడదు. మా అపార్ట్‌మెంట్ వాళ్ళు బాల్కనీలో ఏదీ ఆరెయ్యనివ్వరు. అమ్మ మాత్రం ఎండ కాసిన పూట బ్లైండ్స్ పైకి లాగి, నా చేత దాన్ని కిటికీకి ఆనించి నిలబెట్టించి, మధ్యాహ్నం రెండోవైపు తిప్పమని ఆఫీసుకి ఫోన్ చేసేది.