డబ్ల్యూపీఎఫ్ కస్టమ్ కంట్రోల్స్ – 4వ భాగం: కలెక్షన్ ప్రాపర్టీ

విండోస్ అప్లికేషన్ల స్క్రీన్లు తయారుచేసే ఫ్రేమ్‌వర్క్ డబ్ల్యూపీఎఫ్‌లో మనం కడుతున్న, దశలను చూపే స్టెప్‌బార్ కంట్రోల్‌కు ఇప్పుడు స్టెప్స్ అనే కలెక్షన్ కావాలి. జామెల్‌లో (స్క్రీన్‌ను ట్యాగులతో వర్ణించే భాష) స్టెప్‌బార్ ట్యాగ్ లోపల స్టెప్‌ఐటెమ్ ట్యాగులు వరసగా రాస్తే చాలు, అవి అందులో చేరిపోవాలి.

చాలామంది స్టెప్స్‌ను డిపెండెన్సీ ప్రాపర్టీగా (విలువను డబ్ల్యూపీఎఫ్ తానే చూసుకునే ప్రాపర్టీ) రిజిస్టర్ చేసేటప్పుడే, దాని వివరాలుండే మెటాడేటాలో డిఫాల్ట్ విలువగా కొత్త అబ్జర్వబుల్‌కలెక్షన్ (మార్పులను తెలియజేసే లిస్ట్) ఇచ్చేస్తారు. కంట్రోల్ ఒక్కటే ఉన్నంతసేపూ ఏ ఇబ్బందీ ఉండదు. అదే విండోలో రెండోది పెట్టి చూడండి. మొదటిదానికి 3 స్టెప్పులు, రెండోదానికి 4 రాస్తే రెండింటిలోనూ 7 కనిపిస్తాయి. మెటాడేటా క్లాస్ మొత్తానికీ ఒక్కటే కాబట్టి కలెక్షన్ కూడా ఒక్కటే.

పోనీ డిఫాల్ట్ నల్‌గా వదిలేసి, ప్రాపర్టీ విలువ చదివే గెటర్‌లో ‘నల్ అయితే కొత్తది పెట్టు’ అని రాస్తే? సీ షార్ప్ నుంచి పిలిస్తే పనిచేస్తుంది. జామెల్ నుంచి మాత్రం కలెక్షన్ ప్రాపర్టీ నల్‌గా ఉందంటూ ఎక్సెప్షన్ వస్తుంది. బిల్డ్‌లో జామెల్ తన బైనరీ రూపమైన బీఏఎంఎల్‌గా మారి అసెంబ్లీలో చేరుతుంది. దాన్ని లోడ్ చేసేటప్పుడు డబ్ల్యూపీఎఫ్ మన గెటర్ జోలికి రాకుండా నేరుగా గెట్‌వాల్యూ పిలుస్తుంది. గెటర్‌లో బ్రేక్‌పాయింట్ పెట్టినా ఆగదు. కాబట్టి అక్కడ గెట్‌వాల్యూ తప్ప ఇంకేమీ రాయొద్దు.

సరైన దారి ఇది. బయటివాళ్లు మార్చలేని ప్రాపర్టీని రిజిస్టర్ చేసే రిజిస్టర్‌రీడ్‌ఓన్లీతో వచ్చే కీని (విలువ పెట్టడానికి ఇదే కావాలి) ప్రైవేట్ స్టాటిక్‌గా దాచి, అందులోని డిపెండెన్సీ ప్రాపర్టీని పబ్లిక్ చేయండి. ఇన్‌స్టన్స్ కన్‌స్ట్రక్టర్‌లో సెట్‌వాల్యూకు ఆ కీ, కొత్త కలెక్షన్ ఇవ్వండి (స్టాటిక్ కన్‌స్ట్రక్టర్‌లో పెడితే పాత రోగమే). సెటర్ అక్కర్లేదు, జామెల్ లోడర్ ఉన్న కలెక్షన్‌నే తీసుకుని ఒక్కో ఐటెమ్‌నూ యాడ్ చేస్తుంది. క్లాస్ మీద కంటెంట్‌ప్రాపర్టీ అట్రిబ్యూట్ పెడితే మధ్యలో స్టెప్‌బార్.స్టెప్స్ ట్యాగ్ కూడా రాయనక్కర్లేదు.

ప్రాపర్టీ టైప్‌గా జెనరిక్ ఐలిస్ట్ (IList<T>) ఇవ్వకండి. పేరు ఒకటే అయినా అది మామూలు ఐలిస్ట్ నుంచి రాలేదు. అబ్జర్వబుల్‌కలెక్షన్‌కు రెండూ ఉన్నాయి.

రీడ్‌ఓన్లీ అంటే స్టైల్‌తోనూ బైండింగ్‌తోనూ (ప్రాపర్టీని డేటాకు ముడివేయడం) కలెక్షన్ మార్చలేం. అది తప్పనిసరైతే మామూలుగా రిజిస్టర్ చేసి, కన్‌స్ట్రక్టర్‌లో సెట్‌కరెంట్‌వాల్యూ వాడండి. సెట్‌వాల్యూ వాడితే అది లోకల్ విలువ (ఆ కంట్రోల్‌కే నేరుగా పెట్టిన విలువ) అయిపోయి స్టైల్ సెటర్‌ను తొక్కేస్తుంది.

వచ్చే భాగానికి ముందు స్టెప్‌ఐటెమ్‌ను ఉత్త డిపెండెన్సీఆబ్జెక్ట్‌గా ఉంచి, దాని టైటిల్‌కు విండో డేటాకాంటెక్స్ట్ (బైండింగ్‌కు డేటా ఇచ్చే ఆబ్జెక్ట్) నుంచి బైండింగ్ రాయండి. టైటిల్ ఖాళీగానే ఉంటుంది. ఫ్రీజబుల్‌కలెక్షన్ అనే మరో రకం కలెక్షన్ పని అక్కడ మొదలవుతుంది.