కడుపులో మంట తగ్గట్లేదా? ముందు మందుల కవరు తియ్యండి

సమస్య: పొట్ట పైభాగంలో మంట. గ్యాస్ బిళ్ళ వేసుకుంటే రెండ్రోజులు బాగుంటుంది, మళ్ళీ మొదలు. (చెమటలు పట్టి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతుంటే ఇది చదవడం ఆపి ఈసీజీకి వెళ్ళండి.)

గుంటూరులో ఈ మాట అనగానే ఇంటిల్లిపాదీ మిరపకాయ మీద పడతారు. ఆవకాయ మానేశాం, మజ్జిగన్నమే పెడుతున్నాం అంటారు. కడుపులో పుండు (అల్సర్) ఉంటే కారం తగిలి మండుతుంది, నిజమే. కానీ పుండు పుట్టించేది కారం కాదు. ముఖ్య కారణాలు రెండు: హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా, నొప్పి బిళ్ళలు.

తినగానే పడుకోవడం, సిగరెట్, తాగుడు ఈపాటికే మానేసి ఉంటారనుకుంటాను. పాంటాప్రజోల్ (యాసిడ్ తగ్గించే గ్యాస్ బిళ్ళ) టిఫిన్‌కి అరగంట ముందు వేసుకోవాలని కూడా తెలిసే ఉంటుంది.

అయినా తగ్గలేదంటే ఇంట్లో మందులన్నీ మంచం మీద పోయండి. ఏం వాడుతున్నారని అడిగితే బీపీ, షుగర్ బిళ్ళలు చెప్తారు. మోకాళ్ళకని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నది చెప్పరు. వాళ్ళ లెక్కలో అది మందే కాదు మరి! మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే మనిషైనా, అపార్ట్‌మెంట్‌లో మెట్లెక్కలేని మామ్మగారైనా ఇంతే. రేకు మీద పెద్దక్షరాల పేరు వదిలేసి కింద చిన్నక్షరాలు చదవండి: డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్. నేను చెప్పే నొప్పి బిళ్ళలు ఇవే. విడిబిళ్ళల పొట్లమైతే అందులో ఏమున్నాయో షాపులోనే రాయించుకోండి.

"అన్నం తిన్నాకే వేసుకుంటున్నానండీ" అనే మాటను నమ్మి ఊరుకోకూడదు. కడుపు గోడను యాసిడ్ తినెయ్యకుండా కాపాడే జిగురు పొరకు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు కావాలి. ఈ మందులు రక్తంలో కలిసి వాటి తయారీనే తగ్గిస్తాయి. అందుకే తిన్నాక మింగినా, ఇంజెక్షన్ చేయించుకున్నా ముప్పు పోదు. పైగా నొప్పి మందు కాబట్టి పుండు నొప్పిని కూడా కప్పేస్తుంది. పెద్దవాళ్ళలో ఒక్కోసారి మంటే ఉండదు. తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో విరేచనమయ్యేదాకా ఏమీ తెలియదు. ఐరన్ బిళ్ళలకీ నల్లగానే అవుతుంది గానీ ఆ జిగట, ఆ వాసన ఉండవు. తారులా అయితే తెల్లారేదాకా ఆగకండి, జీజీహెచ్ (ప్రభుత్వ ఆసుపత్రి) క్యాజువాలిటీకి తీసుకెళ్ళండి.

పరిష్కారం: షాపులో తెచ్చుకున్న నొప్పి బిళ్ళ ఆపండి. డాక్టరు రాసిందైతే ఆయనకి చెప్పి మార్పించుకోండి. మోకాళ్ళకు దాని బదులు పారాసిటమాల్ వాడి చూడొచ్చు. లివర్ జబ్బుంటే మోతాదు అడిగి వాడాలి. గుండెకిచ్చిన ఆస్పిరిన్ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. పుండు మానడానికి పాంటాప్రజోల్ కొన్ని వారాలు వాడాలి, మంట తగ్గిందని మధ్యలో వదిలెయ్యకండి.

నొప్పి బిళ్ళల అలవాటే లేకపోతే పైలోరీ పరీక్ష. మల పరీక్షకైనా, ఊపిరి పరీక్షకైనా ముందు రెండు వారాలు గ్యాస్ బిళ్ళ, నాలుగు వారాలు యాంటీబయాటిక్ వాడి ఉండకూడదు. లేకపోతే ఉన్న బాక్టీరియా కూడా లేనట్టే రిపోర్టు రావచ్చు.

నూనె వంటకాలు తిన్నాక కుడివైపు పక్కటెముకల కింద నొప్పైతే పిత్తాశయంలో రాళ్ళున్నాయేమో స్కాన్ తీయించండి. కళ్ళు పచ్చబడితే పసరు జోలికి పోకుండా లివర్ పరీక్ష చేయించండి. బరువు తగ్గుతున్నా, ముద్ద దిగకపోయినా నేరుగా ఎండోస్కోపీ (నోట్లోంచి కెమెరా గొట్టం పంపి కడుపు లోపల చూడటం). మిగతా కారణాల కోసం ఇప్పుడే వెతకక్కర్లేదు.