గుండె ఆపరేషన్ అయినవారి కిడ్నీలను కనిపెట్టుకోవడం ఎలా

మన నెల్లూరు జిల్లాలో గుండె ఆపరేషన్ అవసరమైతే కొందరు నెల్లూరులోనే చేయించుకుంటారు, కొందరు చెన్నై రైలెక్కుతారు. ఎక్కడ చేయించుకున్నా ఇంటివారు గుండె గురించి ఎన్నో ప్రశ్నలు అడుగుతారు గానీ కిడ్నీల మాట ఎత్తరు. గుండె, ఊపిరితిత్తుల పనిని తాత్కాలికంగా చేసే బైపాస్ యంత్రం సాయంతో చేసిన ఆపరేషన్ తరువాత కిడ్నీలు దెబ్బతినడం అరుదేమీ కాదు. చాలామందిలో అది కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది, డయాలసిస్ అవసరమయ్యేది కొద్దిమందికే.

గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు కిడ్నీలకే వెళుతుంది. గుండెను ఆపి, రక్తాన్ని గొట్టాల ద్వారా యంత్రంలో తిప్పుతున్నంతసేపూ ఆ ప్రవాహంలో సహజమైన నాడి ఉండదు, రక్తం పలుచబడుతుంది, కొన్ని ఎర్ర రక్తకణాలు నలిగి పగిలిపోతాయి, వాటినుంచి బయటపడిన హిమోగ్లోబిన్ కిడ్నీలకు హాని చేస్తుంది. బైపాస్ ఆపరేషన్ అన్నంత మాత్రాన యంత్రం వాడినట్టే అనుకోనక్కరలేదు. కొట్టుకుంటున్న గుండె మీదే చేసేవీ ఉన్నాయి. కాబట్టి ఏ పద్ధతిలో చేస్తారో ముందే అడగండి.

ఆపరేషన్‌కు ముందు చేయవలసిన పనుల్లో నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. రోగి క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటికి పంపే వ్యర్థం, రక్తపరీక్షలో తెలుస్తుంది) ఎంతో తేదీతో సహా ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి. షుగరు, రక్తహీనత, పాత కిడ్నీ జబ్బు ఉన్నవారికి, వయసు పైబడినవారికి ప్రమాదం ఎక్కువ. యాంజియోగ్రామ్‌లో ఎక్కించిన మందు కూడా కిడ్నీలకు భారమే కనుక, ఆ తరువాత క్రియాటినిన్ మళ్లీ చూశారా అని అడగండి. షుగరుకు మెట్‌ఫార్మిన్, బీపీకి టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటి మాత్రలు వాడుతుంటే ఎప్పుడు ఆపాలో డాక్టరుగారే చెప్పాలి, మీ అంతట మీరు ఆపవద్దు.

ఆ కాగితం ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాను. ముందు 0.9 (డెసిలీటరుకు మిల్లీగ్రాములు) ఉన్న క్రియాటినిన్ ఆపరేషన్ తరువాత 48 గంటల్లో 1.2 అయిందనుకోండి. చాలా ల్యాబులు 1.2ను మామూలు అంకెగానే చూపిస్తాయి, రిపోర్టులో ఎర్ర గుర్తు కూడా పడదు. కానీ 48 గంటల్లో 0.3 పెరిగినా కిడ్నీ దెబ్బతిన్నట్టే లెక్క. పైగా క్రియాటినిన్ ఒకటి రెండు రోజులు ఆలస్యంగా పెరుగుతుంది కాబట్టి మొదటి రోజు రిపోర్టు చూసి నిశ్చింతగా ఉండకూడదు. ఐసీయూలో మంచం పక్కన వేలాడే యూరిన్ బ్యాగు అంతకన్నా ముందే చెబుతుంది. బరువులో కిలోకు గంటకు అర మిల్లీలీటరు చొప్పున, అంటే 60 కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్లయినా రావాలి. ఆరు గంటలపాటు అంతకన్నా తక్కువ వస్తే, లేదా మూత్రం ముదురు టీ రంగులోకి మారితే, నర్సుగారిని మర్యాదగానే అయినా గట్టిగా అడగండి.

ఇంటికి వచ్చాక అసలు జాగ్రత్త మాత్రల దగ్గరే ఉంది. ఎదఎముక కోసినచోట, బైపాస్ కోసం సిర తీసిన కాలిలో నొప్పి ఉంటుంది. మందుల షాపులో అడిగితే అసెక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్ర చేతిలో పెడతారు. మా పెదనాన్నగారికి అలాగే ఇచ్చారు, వారం రోజుల్లో కాళ్లు ఉబ్బాయి. ఈ రకం నొప్పి మాత్రలు కిడ్నీలకు హాని చేయగలవు, కనుక అసెక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ఏ పేరుతో వచ్చినా డాక్టరుగారిని అడగకుండా వేయవద్దు.

ఎండాకాలం నీరసంగా ఉన్నారని చుట్టాలు కొబ్బరి బోండాలు తెస్తారు. క్రియాటినిన్ పెరిగి ఉన్నవారికి వాటిలోని పొటాషియం ప్రమాదం కావచ్చు, కనుక అడిగి ఇవ్వండి. నీళ్లు కూడా డాక్టరుగారు చెప్పిన కొలత ప్రకారమే తాగాలి. రోజూ ఉదయం మూత్రానికి వెళ్లివచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసి రాయండి. ఒకటి రెండు రోజుల్లో కిలో, రెండు కిలోలు పెరిగినా, విరేచనాలు పట్టుకున్నా, అదే రోజు ఆసుపత్రికి ఫోను చేయండి.

డిశ్చార్జి సమయానికి క్రియాటినిన్ మామూలుకు వచ్చినా మూడు నెలలకు మళ్లీ రక్తం, మూత్రం పరీక్ష చేయించండి. ఆ రోజు ఆపరేషన్‌కు ముందు రాసుకున్న కాగితాన్ని కొత్త రిపోర్టు పక్కన పెట్టి డాక్టరుగారికి చూపించండి.